పుట్టుకా? ఎంపికా? అసలు ప్రశ్న అది కాదు

స్వలింగ ప్రేమ పుట్టుకతో వచ్చేదా, మనిషి కోరి ఎంచుకున్నదా అని మన మత పెద్దలు ఇన్నేళ్లుగా వాదిస్తున్నారు. ఎంచుకున్నది అయితే మానుకోవచ్చు కదా అని కొందరు అంటారు. పుట్టుకతో వచ్చింది అయితే జాలిపడదాం, కానీ పెళ్లి మాత్రం ఎత్తవద్దని మరికొందరు అంటారు. ఈ రెండు వర్గాలూ పరస్పరం విభేదించుకుంటున్నట్టు పైకి కనిపిస్తుంది. చివరికి చేరుకునే చోటు మాత్రం ఒక్కటే. ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా తీర్పు మారనప్పుడు ఆ ప్రశ్న నిజాయితీగా అడిగినది కాదని గ్రహించాలి.

దీనికి ఆధారాలు వెతకాలంటే ఢిల్లీలో కరోల్ బాగ్ దాటి వెళ్లనక్కర్లేదు. మన తెలుగు రాష్ట్రాల నుంచి సివిల్స్ కలలతో వచ్చే యువతకు ఈ పేటా, దాని పక్కనే ఉన్న రాజేంద్రనగర్ వీధులూ బాగా తెలుసు. అజ్మల్ ఖాన్ రోడ్డు దుకాణాలూ, మెట్రో రైల్లోంచి కనబడే 108 అడుగుల హనుమంతుని విగ్రహమూ తెలియనివారుండరు. ఆ రోడ్డుకు పేరిచ్చిన హకీం అజ్మల్ ఖాన్ నెలకొల్పిన తిబ్బియా కళాశాల ఇక్కడే ఉంది. 1921 ఫిబ్రవరి 13న గాంధీజీ దాన్ని ప్రారంభించారు. ఆయుర్వేదం, యునానీ ఒకే ప్రాంగణంలో బోధించే విద్యాలయం అది. ఇక కరోల్ బాగ్‌ను ఆనుకుని ఉన్న ఝండేవాలాన్‌లో రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ ఢిల్లీ కేంద్రం కేశవ్ కుంజ్ ఉంది. ఒకటి వైద్య వారసత్వానికి చిరునామా, రెండవది నేటి రాజకీయ ధర్మానికి చిరునామా. పుట్టుకా, ఎంపికా అన్న వివాదంలో ఈ రెండు చిరునామాల వెనుకా పెద్ద చరిత్రే ఉంది.

మొదట వైద్యం సంగతి చూద్దాం. సుశ్రుత సంహిత, చరక సంహిత రెండూ తమ శారీర స్థానాల్లో సామాన్య రీతికి భిన్నమైన లైంగిక ప్రవృత్తులను పేర్లు పెట్టి వర్గీకరించాయి. వాటికి కారణాన్ని గర్భధారణ వేళ తల్లిదండ్రుల బీజాల్లోనూ, వారి స్థితిలోనూ వెతికాయి. అంటే ఆయుర్వేదం దృష్టిలో ఇది పుట్టుక. యునానీకి మూలమైన అరబ్బు వైద్యంలో అభిప్రాయం రెండుగా చీలింది. అల్ రాజీ పురుషుల్లో కనిపించే ఒక రకం స్వలింగ వాంఛ మీద ప్రత్యేకంగా చిన్న గ్రంథమే రాసి, దాని మూలం బీజాల బలాబలాల్లో ఉందన్నారు. ఆయన తరువాతి తరానికి చెందిన ఇబ్న్ సీనా అది శరీరంలో కాక తలపులో ఉందన్నారు. దానికి మందు వెతకడం తెలివితక్కువతనమనీ, దుఃఖంతో, ఆకలితో, నిద్రలేమితో, చెరతో, దెబ్బలతో ఆ కోరికను విరిచివేయాలనీ సెలవిచ్చారు.

వెయ్యేళ్ల కిందటే వాదం ఇంత స్పష్టంగా ఉంది. పుట్టుక అన్నవారు దాన్ని లోపం అన్నారు. మనసు అన్నవారు దెబ్బలు చాలన్నారు. ఆ మనిషిని అతని మానాన వదిలేయవచ్చునన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. మధ్యయుగపు వైద్యులను నేటి కొలబద్దతో కొలవడం నా ఉద్దేశం కాదు. 21వ శతాబ్దంలోనూ మన పెద్దలు ఆ రెండు గదుల మధ్యనే తిరుగుతున్నారన్నదే నా ఫిర్యాదు.

కేశవ్ కుంజ్ సంగతి చూడండి. 2016 మార్చిలో సంఘ్ నాయకుడు దత్తాత్రేయ హోసబలే స్వలింగ సంపర్కం నేరం కాదని బహిరంగంగా అన్నారు. కలకలం రేగగానే, అది సామాజికంగా అనైతికమనీ, శిక్షించనక్కర్లేదు గానీ మానసిక సమస్యగా చూడాలనీ సవరించుకున్నారు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కోరలు పీకిన రోజున, ఇది నేరం కాదని తామూ అంగీకరిస్తామని, అయితే ప్రకృతికి అనుగుణం కాదని సంఘ్ ప్రకటించింది. 2023 జనవరిలో సర్‌సంఘచాలక్ మోహన్ భాగవత్ ఇంకా ముందుకు వెళ్లారు. తాను పశువైద్యుడిననీ, జంతువుల్లోనూ ఇటువంటి ధోరణి ఉంటుందని తనకు తెలుసనీ, ఇది జీవసంబంధమైనదనీ చెప్పారు. జరాసంధుని సేనానులైన హంస, డింభకుల కథను మహాభారతం నుంచి ఉదహరించారు. అంటే ఏడేళ్లలో సంఘ్ మానసిక సమస్య నుంచి జీవధర్మం దాకా ప్రయాణించింది. ప్రశంసించదగిన ప్రయాణమే. ఆ తరువాత రెండు నెలలకే, 2023 మార్చిలో, హోసబలే మళ్లీ గొంతు విప్పి, వివాహం స్త్రీ పురుషుల మధ్య జరిగే సంస్కారమనీ, అందులో మరొకరికి చోటు లేదనీ తేల్చేశారు. జవాబు ఎంపిక నుంచి పుట్టుకకు మారింది. గుమ్మం మాత్రం తెరుచుకోలేదు.

ఇది ఒక్క సంఘ్‌కే పరిమితమైన విన్యాసం కాదు. 1992లో వెలువడిన కాథలిక్ చర్చి ధర్మబోధ గ్రంథం స్వలింగ సంపర్కులు ఆ స్థితిని తామై ఎంచుకోరని చెప్పింది. 1997 నాటి సవరణలో ఆ వాక్యం మాయమైంది. దాని స్థానంలో ఆ ప్రవృత్తి వస్తుగతంగానే అపసవ్యమైనదన్న మాట వచ్చి కూర్చుంది. వాక్యం ఉన్నప్పుడూ, లేనప్పుడూ వారికి విధించిన ధర్మం బ్రహ్మచర్యమే. 2023 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ స్వలింగ సంపర్కం నేరం కాదని చెప్పి ప్రపంచమంతటా మన్ననలు పొందారు. అదే మాటలో ఇది పాపమని కూడా గుర్తు చేశారు.

మతానికి ఈ ఎంపిక అన్న మాట మీద ఇంత మమకారం ఎందుకు? కారణం సుబోధకమే. సంకల్పం లేనిదే పాపం లేదు. నిప్పు కాలిస్తే నిప్పు పాపి కాదు. మనిషి తెలిసి, కోరి చేసినప్పుడే అతనికి పాపం అంటగట్టగలరు. కనుక స్వలింగ ప్రేమ ఎంపిక కాదని ఒప్పుకుంటే, పాపం అన్న మాట నిలబడే నేలే కదిలిపోతుంది. సెమెటిక్ మతాల్లో దీన్ని ప్రవృత్తి వేరు, క్రియ వేరు అని విడదీసి దాటవేశారు. మన దగ్గర అంతకంటే సులువైన దారి ఉంది. పుట్టుకే పూర్వజన్మలో చేసుకున్న కర్మ ఫలం అనేస్తే చాలు, పుట్టుక కూడా ఎంపిక అయిపోతుంది. అంటరానివాడుగా పుట్టినవాడికీ, అంధుడుగా పుట్టినవాడికీ శతాబ్దాల పాటు చెప్పిన సమాధానం ఇదే. దెబ్బ తిన్నవాడినే దోషిగా నిలబెట్టే ఈ తర్కానికి ఎంపికా, పుట్టుకా అన్న తేడాయే లేదు.

చట్టం ఈ తర్కాన్నే అరువు తెచ్చుకుంది. ఇంగ్లండులో అంతదాకా చర్చి న్యాయస్థానాలు విచారించే పాపాన్ని 1533లో ఎనిమిదవ హెన్రీ రాజశాసనంతో నేరంగా మార్చాడు. ఆ శాసనం మునిమనవడే 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్. ప్రకృతి నియమానికి విరుద్ధంగా, స్వచ్ఛందంగా చేసే సంపర్కం అని అది నిర్వచించింది. ఆ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకవైపు ప్రకృతి, మరోవైపు స్వేచ్ఛాసంకల్పం. మత వివాదంలోని రెండు కొసలనూ ఒకే వాక్యంలో ముడివేసి, దానికి యావజ్జీవ కారాగారం దాకా శిక్ష రాశారు. అన్య దేశపు రాజు చర్చి దగ్గర తీసుకున్న పాపాన్ని సనాతన ధర్మమని మనవాళ్లు కాపాడుకుంటూ వచ్చారు.

2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ఆ ముడిని విప్పినప్పుడు సుప్రీంకోర్టు మెట్లెక్కినవారి జాబితా చదివితే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు, క్రైస్తవ చర్చిల కూటములు, మనువాదం పేరు పెట్టుకున్న ఒక రాజకీయ పక్షం, బీజేపీ మాజీ ఎంపీ బి.పి. సింఘాల్ ఒకే వరుసలో నిలబడ్డారు. అయోధ్య మీద, గోవధ మీద, పర్సనల్ లా మీద ఎన్నడూ కలవనివారు ఇక్కడ కలిశారు. వారందరికంటే ముందు పేరున్న అర్జీదారు సురేశ్ కుమార్ కౌశల్ ఢిల్లీకి చెందిన జ్యోతిష్కుడు. మనిషి పుట్టిన ఘడియను బట్టి అతనికి ఎవరితో పెళ్లి అవుతుందో, ఎన్నడవుతుందో చెప్పగలమనే శాస్త్రం అది. సర్వం జన్మకుండలిలోనే రాసి ఉందనే విద్యను ఆచరించేవారు, ఈ ఒక్క ప్రేమ మాత్రం రాసి లేదని కోర్టుకెళ్లారు. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ వాదనకే మొగ్గి, బాధితులు అత్యల్ప సంఖ్యాకులేనంటూ హైకోర్టు తీర్పును కొట్టేసింది. అదే నెలలో బాబా రామ్‌దేవ్ ఇది చెడు అలవాటనీ, యోగాతో నయం చేస్తాననీ ప్రకటించారు.

ఇక్కడ నేను హక్కుల ఉద్యమంలోని మిత్రులతోనూ తగవు పెట్టుకోక తప్పదు. మేము ఇలాగే పుట్టాం, మమ్మల్ని మన్నించండి అన్నది వారి వాదనలో ప్రధానమైన మాటగా మారింది. 2018 తీర్పు కూడా లైంగికాభిముఖ్యం సహజమన్న అంశానికి పెద్దపీట వేసింది. ఆ మాట ఓదార్పునిస్తుంది. కానీ అది కవచం కాజాలదు. దాదాపు 5 లక్షల మంది జన్యువులను పరిశీలించి 2019లో వెలువడిన అధ్యయనం, దీనికి ఏ ఒక్క జన్యువూ కారణం కాదనీ, అనేక జన్యువుల స్వల్ప ప్రభావాలూ, ఇతర కారణాలూ కలగలిసి ఉంటాయనీ తేల్చింది. మనిషి హక్కును ప్రయోగశాల ఫలితానికి తాకట్టు పెడితే, రేపు మరో ఫలితం వచ్చినప్పుడు ఆ హక్కును విడిపించుకోవడం కష్టం.

అన్నిటికీ మించి, పుట్టుక మన దేశంలో ఎవరిని కాపాడింది? 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కొన్ని కులాలవారు పుట్టుకతోనే నేరస్థులని ప్రకటించింది. ఆ చట్టంలోనే రెండవ భాగం హిజ్రాల మీద. వారి పేర్లు నమోదు చేయాలి, స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపిస్తే పట్టుకోవాలి. మన బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఈ ఆలోచన నుంచి పుట్టిన ఊరే. ఎరుకలవారిని అక్కడ స్థిరపరచి, వారిని సంస్కరించే బాధ్యతను ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించింది. వీరు పుట్టుకతో ఇలాంటివారు అని ప్రభుత్వం అన్నది, అయితే మేము మారుస్తాం అని మతం ముందుకు వచ్చింది. నిజాం రాజ్యంలో 1919 నాటి చట్టం హిజ్రాలను ఇదే రీతిలో వేటాడింది. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోయింది, ఆ చట్టం మాత్రం పుస్తకాల్లో మిగిలే ఉంది. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. పుట్టుక అన్న జవాబు రక్షణ ఇస్తుందని నమ్మేవారు ఈ చరిత్రను ఒకసారి తిరగేయాలి. కులం కంటే పుట్టుకతో వచ్చేది మరొకటేముంది? పుట్టుకతో వచ్చిందని తెలిసి కులం పేరుతో కొట్టడం మానేశామా?

రాజ్యాంగ నిర్మాతలు ఈ ఉచ్చులో పడలేదు. 15వ అధికరణం చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన స్థలం ఆధారంగా వివక్ష చూపరాదని అది శాసిస్తుంది. ఈ వరుసలో కులం మనిషి మార్చుకోలేనిది. మతం మార్చుకోగలిగేది. అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది కళ్లెదుట దాన్ని మార్చుకుని చూపించారు. మార్చుకోగలిగేదానికీ, మార్చుకోలేనిదానికీ రాజ్యాంగం ఒకే వాక్యంలో ఒకే రక్షణ ఇచ్చింది. నీకు వేరే దారి ఉన్నది కదా, హిందువుగానో ముస్లింగానో ఎందుకున్నావు అని ప్రభుత్వం ఏ పౌరుడినీ అడగడానికి వీల్లేదు. సరిగ్గా ఈ రక్షణ నీడలోనే మత పెద్దలు కోర్టుకు వచ్చి, స్వలింగ ప్రేమ ఎంపిక కనుక దానికి రక్షణ అక్కర్లేదంటారు. అయ్యా, తమరి మతమూ ఎంపికే. ఎంపిక అయినంత మాత్రాన రక్షణ పోతే ముందుగా పోయేది తమరిదే.

దీనిలోని వైపరీత్యం ఇంకొక మెట్టు ఉంది. ఉత్తరప్రదేశ్‌లో వయోజనుడు తన ఇష్టంతో మతం మారాలంటే 60 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. ప్రలోభముందా, ఒత్తిడి ఉందా అని విచారణ జరుగుతుంది. మనిషి మనసు మారడం అంత అనుమానించదగిన విషయమన్నమాట. ఇదే వర్గం నాయకులు, ఒక యువకుడి ప్రేమ యోగాతోనో, ప్రార్థనతోనో, మందుతోనో మారిపోవాలంటారు. ఆ మార్పిడికి నోటీసు లేదు, విచారణ లేదు, బలవంతం జరిగిందా అని అడిగేవారు లేరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఊళ్లో సామెత చెప్పే పెద్దలే, పదిహేను రోజుల శిబిరంలో పోతుందని బాబాలకు రుసుము కడతారు.

ఇది కేవలం మాటల తగవు అయితే నేను ఇంత రాయనవసరం లేదు. ఎంపిక అన్న సిద్ధాంతానికి ఆచరణ రూపమే మార్పిడి చికిత్స. ఎంచుకున్నది అయితే మాన్పించవచ్చునన్న నమ్మకంతోనే తల్లిదండ్రులు పిల్లలను గదిలో బంధిస్తారు, భూతవైద్యుల దగ్గరకూ, నకిలీ వైద్యుల దగ్గరకూ తిప్పుతారు, ఇష్టంలేని పెళ్లి చేసి మరొక అమాయకురాలి జీవితాన్ని కూడా అందులోకి లాగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగాసక్తిని వ్యాధుల పట్టిక నుంచి తొలగించింది. అమెరికాలో ప్రార్థనతో స్వలింగ సంపర్కులను మారుస్తామని దశాబ్దాల పాటు పనిచేసిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే క్రైస్తవ సంస్థ 2013లో బాధితులకు క్షమాపణ చెప్పి తలుపులు మూసుకుంది. దేవుని పేరిట ప్రయత్నించినవారే ఇది కాదని ఒప్పుకున్నారు. మన దేశంలో 2021 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఇటువంటి చికిత్సలను నిషేధించాలని ఆదేశించారు. 2022లో జాతీయ వైద్య కమిషన్ దీన్ని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు, ఇల్లు విడిచి వచ్చిన స్వలింగ జంటల కేసుల్లో కౌన్సెలింగ్ పేరిట వారి మనసు మార్చే ప్రయత్నం చేయవద్దని కింది కోర్టులకు స్పష్టం చేయవలసి వచ్చింది. చెప్పవలసి వచ్చిందంటే కోర్టుల్లోనూ ఏం జరుగుతోందో ఊహించవచ్చు. అయితే వైద్య కమిషన్ శాసనం పట్టా ఉన్న వైద్యుడికే వర్తిస్తుంది. బాబాకు, పాస్టర్‌కు, మౌల్వీకి, గోడమీద పోస్టరంటించే పట్టాలేని వైద్యుడికి అది తగలదు. పార్లమెంటు చట్టం చేయవలసింది అక్కడ.

ఎంపిక అన్నా అభ్యంతరం లేదంటే రేపు ఏ పనినైనా సమర్థించుకోవచ్చు కదా అని ఒక ప్రశ్న తప్పక వస్తుంది. ఇది గౌరవంగా జవాబు చెప్పదగిన ప్రశ్న. హత్య కూడా ఎంపికే, దాన్ని శిక్షిస్తాం. శిక్షించేది అది ఎంపిక అయినందుకు కాదు, మరొకరి ప్రాణం తీసినందుకు. వయోజనులా, సమ్మతి ఉందా, మరొకరికి హాని ఉందా అన్న మూడు ప్రశ్నలు రాజ్యానికి చాలు. నాలుగవ ప్రశ్న మతానిది. దాన్ని మతం తన భక్తులను అడుగుకోవచ్చు. ఏ గుడీ, ఏ మసీదూ, ఏ చర్చీ తన నమ్మకానికి విరుద్ధంగా ఒక పెళ్లి జరిపించాలని నేను కోరను. 25, 26 అధికరణాలు వారికా స్వేచ్ఛ ఇచ్చాయి. అది ఉండాలి కూడా. కానీ రిజిస్ట్రార్ కార్యాలయం గుడి కాదు. ఆసుపత్రి బిల్లు, పింఛను పత్రం, వారసత్వ ధ్రువీకరణ ప్రసాదాలు కావు.

హైదరాబాద్‌కు చెందిన ఒక జంట మొదటి అర్జీదారులుగా నిలిచిన సుప్రియో కేసులో 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. స్వలింగ ప్రేమ సహజమేననీ, అది నగరాలకో, ఉన్నత వర్గాలకో పరిమితం కాదనీ ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ రాశారు. అయినా వివాహం ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ అన్నారు. కనీసం వారి బంధానికి చట్టబద్ధ గుర్తింపు ఇచ్చే విషయంలోనూ ముగ్గురు కాదన్నారు. 2025 జనవరిలో పునస్సమీక్ష పిటిషన్లు కూడా వీగిపోయాయి. ఆ కేసులో జమియత్ ఉలమా-ఎ-హింద్, అఖిల భారతీయ సంత్ సమితి ఒకే పక్షాన వాదించాయి. కేంద్ర ప్రభుత్వం వారి గొంతుతోనే మాట్లాడింది. సహజమని న్యాయస్థానం ఒప్పుకుంది, జీవధర్మమని సంఘ్ ఒప్పుకుంది, నేరం కాదని పోప్ ఒప్పుకున్నారు. ఇన్ని ఒప్పుకోళ్ల తరువాత ఆ జంటకు ప్రభుత్వం నుంచి దక్కింది ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి ఆటంకం లేదన్న 2024 నాటి వివరణా, రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడవచ్చన్న సలహా.

కనుక ఇకమీదట ఏ నాయకుడైనా, ఏ ధర్మకర్తయినా ఇది పుట్టుకా, ఎంపికా అని చర్చకు దిగితే, ఆయనను ఎదురు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. అయ్యా, తమరికి ఏ జవాబు వస్తే తమరు ఏ చట్టాన్ని మార్చడానికి సిద్ధం? ఏదీ మార్చనంటే ఆ చర్చ మనకు అనవసరం. పార్లమెంటులో ఓటు హక్కు ఉన్న పార్టీలు పుట్టుకను గురించి మాట్లాడడం చాలించి, వారసత్వం గురించీ, పింఛను గురించీ, ఆసుపత్రిలో సంతకం గురించీ, పట్టాలేని చికిత్సా శిబిరాల గురించీ తమ వైఖరి ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి. వచ్చే ఎన్నికల ప్రణాళికల్లో దానికి ఒక పేరా కేటాయిస్తే చాలు. ఆ పేరా ఏ పార్టీ పుస్తకంలో ఉందో, ఏ పుస్తకంలో లేదో మనం చదివి చూసుకుందాం.